కోహానా, డీస్పేసా, ఎక్సెలే చాలా? లైబ్రరీ డేటాను నలుగురితో పంచుకోవాలనుకునేవాళ్ళకు

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న పట్నంలోని లైబ్రరీ వాళ్ళు రమ్మంటే వెళ్ళాను. ఎనిమిది వేల పుస్తకాలు, ఒక పాత కంప్యూటరు, అందులో ఎప్పుడో డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్. అమ్మినవాళ్ళు దుకాణం ఎత్తేసి చాలా రోజులైంది. ఇష్యూ-రిటర్న్ ఇంకా నడుస్తోంది గానీ కంప్యూటరు రేపో మాపో అన్నట్టుంది. డేటా బయటికి తీద్దామని కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో మెనూలన్నీ వెతికినా దొరికింది ఒకే బటన్: ప్రింట్. చివరికి జాబితా మొత్తం కాగితాల మీదికి దించి, ఎండాకాలం సెలవుల్లో ఇద్దరు డిగ్రీ పిల్లల చేత మళ్ళీ మొదట్నుంచీ టైప్ చేయించారు. తెలుగు పేర్లు అనూ ఫాంటులో ఉన్నాయి, ఆ ఫాంటు లేనిచోట అవి పిచ్చి అక్షరాలే, కాబట్టి కాపీ-పేస్టు ఆశ కూడా లేదు.

అప్పట్నుంచి "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" అని ఎవరడిగినా నేను ఎదురు అడిగేది ఒకటే. మీరు లోపల పెట్టింది బయటికి ఎలా వస్తుంది? స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నాయి, మొబైల్ యాప్ ఉందా, ఎస్ఎంఎస్ వెళ్తుందా, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ పదేళ్ళకోసారి మారుతుంది. రికార్డులు మాత్రం మీ తర్వాత వచ్చే లైబ్రేరియన్ కూడా వాడుకోవాలి. ఇక్కడ చేస్తున్న పోలికంతా ఆ ఒక్క కొలతతోనే.

ముందు మీ అలమారాలో ఏముందో చూసుకోండి

జనం ఎక్కువగా తడబడేది ఇక్కడే. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే లైబ్రరీ వేరు, స్కాన్ చేసిన పాత పుస్తకాలనో పత్రికలనో వెబ్‌లో పెట్టే సంగ్రహం వేరు. మొదటిదానికి సభ్యులు, బార్‌కోడ్, గడువు తేదీ, జరిమానా కావాలి. రెండోదానికి ఫైలు, దాని వివరాలు, ఎప్పటికీ మారని వెబ్ చిరునామా కావాలి. మొదటి పనికి పుట్టిన కోహాలో పీడీఎఫ్‌లు కుక్కి "డిజిటల్ లైబ్రరీ" అని బోర్డు పెట్టినవాళ్ళనూ చూశాను, రెండో పనికి పుట్టిన డీస్పేస్‌లో పుస్తకాలు ఇష్యూ చెయ్యాలని తంటాలు పడినవాళ్ళనూ చూశాను. రెండూ ఉన్నవాళ్ళు రెండు సాఫ్ట్‌వేర్‌లూ పెట్టుకోవడమే మేలు. వాటి డేటా కలిసే దారులు ఉన్నాయి, కాసేపట్లో వస్తాను.

ఇచ్చి పుచ్చుకునే లైబ్రరీకి

కోహా కథ చిత్రంగా ఉంటుంది. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే తేదీల దగ్గర చతికిలబడుతుందని తెలిసింది. వైటుకే భయం అప్పట్లో ప్రపంచమంతా ఉండేది, హైదరాబాదు కుర్రాళ్ళను అమెరికా విమానం ఎక్కించింది కూడా అదే. ఆ ట్రస్టు వాళ్ళు కొత్తది కొనకుండా కటీపో అనే చిన్న కంపెనీ చేత రాయించుకుని, 2000 జనవరి మొదటి వారంలో మొదలుపెట్టి, కోడంతా లోకానికి వదిలేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. ఇవాళ మన దేశంలో కాలేజీ లైబ్రరీల నుంచి పెద్ద విశ్వవిద్యాలయాల దాకా అది నడుస్తోంది.

కోహాకు నేను మొగ్గు చూపడానికి కారణం ఉచితం కావడం ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. మార్క్ 21 (లైబ్రరీలు పుస్తక వివరాలు రాసుకునే ప్రామాణిక రూపం) రికార్డులు లోపలికీ బయటికీ రెండు క్లిక్కుల్లో వెళ్తాయి. బయటి క్యాటలాగుల్లో వెతికి రికార్డు తెచ్చుకోవచ్చు. బయటివాళ్ళు మన రికార్డులను మూకుమ్మడిగా కోసుకెళ్ళడానికి (హార్వెస్టింగ్ అంటారు) ఓఏఐ-పీఎంహెచ్ అనే పద్ధతి అందులోనే ఉంది, కాకపోతే మొదట ఆఫ్‌లో ఉంటుంది, సిస్టమ్ ప్రిఫరెన్సుల్లోకి వెళ్ళి ఆన్ చెయ్యాలి. చాలా కాలేజీల్లో ఆ స్విచ్చి ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. ఏటా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి కొత్త వెర్షన్లు వస్తాయి. 24.11 అంటే 2024 నవంబరు అని చదువుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. అది లినక్సు మీద నడుస్తుంది, డెబియన్ గానీ ఉబుంటు గానీ. విండోస్ తప్ప వేరేది ముట్టుకోని కాలేజీలో "సిస్టమ్స్ అబ్బాయి" సెలవు పెట్టిన రోజు సర్వరు ఆగితే మొత్తం ఆగినట్టే. సాఫ్ట్‌వేర్ ఉచితమే, చూసుకునే మనిషి ఉచితం కాదు. ఏడాదికి నిర్వహణ ఖర్చు ఎంతో మొదటి రోజే మేనేజ్‌మెంటుకు చెప్పి ఒప్పించకపోతే రెండేళ్ళలో పాత వెర్షన్‌తో, బ్యాకప్ లేకుండా మిగిలిపోతారు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందంటే నెల రోజుల్లో హడావిడిగా పెట్టించిన కోహాలు ఇలాగే అవుతుంటాయి.

న్యూజెన్‌లిబ్ మన హైదరాబాదుది. వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తయారుచేసి 2008లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సు కింద కోడు తెరిచారు. జావా, పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంది. మార్క్ 21, యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదివే అక్షర సంకేతాలు), ఓఏఐ-పీఎంహెచ్ అన్నీ ముందునుంచే ఆలోచించి పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. దాని మీద నాకు అభిమానం ఉంది. అయినా ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు సిఫారసు చెయ్యలేను. ఓపెన్ సోర్సులో కోడు తెరిచి ఉండటం ఎంత ముఖ్యమో, చుట్టూ మనుషులుండటమూ అంతే ముఖ్యం. అర్ధరాత్రి ఎర్రర్ వస్తే కోహా విషయంలో ఎవడో ఒకడికి ఆ ఎర్రర్ ముందే వచ్చి ఉంటుంది, జవాబు దొరుకుతుంది. న్యూజెన్‌లిబ్ చుట్టూ ఆ సందడి లేదు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు. మార్క్ ఫైలు తీసి ఒక కాపీ వేరే చోట దాచుకుంటే చాలు, ఎప్పుడైనా మారవచ్చు.

ఎవర్‌గ్రీన్ అమెరికాలోని జార్జియా రాష్ట్రం పబ్లిక్ లైబ్రరీల కోసం పుట్టింది, 2006లో నడక మొదలుపెట్టింది. వందల శాఖలు ఒకే క్యాటలాగు, ఒకే సభ్యత్వ కార్డు మీద నడిచేందుకు కట్టినది. ఒక రాష్ట్రంలోని జిల్లా గ్రంథాలయ సంస్థలన్నీ కలిసి ఒకే క్యాటలాగు పెట్టాలనుకుంటే దాన్ని తప్పకుండా పరిశీలించాలి. ఒక్క లైబ్రరీకైతే పెళ్ళి వంట గిన్నెలో ఇద్దరికి అన్నం వండినట్టుంటుంది. 2016లో ప్రకటించిన ఫోలియో కూడా పెద్ద విశ్వవిద్యాలయాలకు సరిపోయే సరుకు. చిన్న లైబ్రరీల వాళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇక ప్రభుత్వ పరిధిలోవి రెండు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ, విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ సోల్. రెండింటికీ సోర్సు కోడు తెరిచి ఉండదు. అలాగని కొట్టిపారేస్తే అన్యాయం. ప్రభుత్వ లైబ్రరీలో సర్వరు చూసుకునే మనిషి లేనప్పుడు, ఎన్ఐసీ క్లౌడ్ మీద ఈ-గ్రంథాలయ పెట్టుకోవడమే తెలివైన పని. అందులో మార్క్ 21, ఎక్సెల్ రూపాల్లో డేటా బయటికి వస్తుంది, నా కొలతలో అది పాసయినట్టే. సోల్ కూడా మార్క్‌లో ఎగుమతి ఇస్తుంది. తెరిచిన కోడు, తెరిచిన డేటా రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. మూసిన సాఫ్ట్‌వేర్ అయినా ప్రమాణానికి కట్టుబడి డేటా బయటికి ఇస్తే మీరు బందీ కారు. తెరిచిన సాఫ్ట్‌వేర్‌లో ఇష్టమొచ్చిన గళ్ళలో ఇష్టమొచ్చినట్టు నింపితే మీకు మీరే సంకెళ్ళు వేసుకున్నట్టు.

రెండు వేల పుస్తకాల లోపు ఉన్న సంఘం లైబ్రరీకో, ఇంటి సంగ్రహానికో ఎక్సెల్ చాలు. నిజంగానే అంటున్నాను. ఒక్కో గడిలో ఒక్కో సంగతే ఉండాలి, రచయిత గడిలో "అనువాదం: ఫలానా" అని కుక్కకూడదు, తెలుగు యూనికోడ్‌లోనే ఉండాలి, ఫైలును సీఎస్‌వీ యూటీఎఫ్-8గా (ఏ సాఫ్ట్‌వేరైనా చదివే సాదా పట్టిక రూపం) దాచాలి. అలా ఉన్న ఎక్సెల్‌ను మార్క్‌లోకి మార్చడం ఒక పూట పని. మార్క్‌ఎడిట్ అనే ఉచిత ఉపకరణం అందుకే ఉంది, అది ఓపెన్ సోర్సు మాత్రం కాదు. గజిబిజిగా ఉన్న జాబితాను ముందు ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత ఉపకరణంలో వేసి శుభ్రం చేసుకోండి. అలవాటైతే ఎక్సెల్‌లో ఎంట్రీలు దిద్దడం మీద విసుగు పుడుతుంది, అంత బాగుంటుంది.

స్కాన్‌ల సంగ్రహానికి

డీస్పేస్‌ను 2002లో ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి విడుదల చేశాయి. థీసిస్‌లు, పరిశోధన వ్యాసాలు, పాత పత్రికల సంచికలు పెట్టడానికి విశ్వవిద్యాలయాలు ఎక్కువగా వాడేది ఇదే. ఓఏఐ-పీఎంహెచ్ చక్కగా నడుస్తుంది. 2021లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి లోపలి నిర్మాణం మొత్తం మార్చేశారు. వెనక జావా సర్వరు, ముందు యాంగ్యులర్‌లో కట్టిన తెర, పక్కన సోలర్ సెర్చ్. పాత ఆరో వెర్షన్ నడిచిన చిన్న మెషీన్ మీద ఇది ఆయాసపడుతుంది. సర్వరు బడ్జెట్ చూసుకోకుండా దిగకండి.

అంత శక్తి లేని సాహిత్య సంస్థలకు, కుటుంబ ట్రస్టులకు నేను ఓమెకా చెప్తుంటాను. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో చరిత్రకారులు పుట్టించిన సాఫ్ట్‌వేర్ అది. పీహెచ్‌పీ మీద నడుస్తుంది కాబట్టి ఏడాదికి కొద్దిపాటి అద్దె కట్టే మామూలు హోస్టింగ్ మీద కూడా పెట్టుకోవచ్చు. ఓఏఐ కావాలంటే ప్లగిన్ ఉంది. ఓ యాభై తాళపత్రాలు, రెండు వందల ఉత్తరాలు, కొన్ని ఫొటోలు ఉన్నవాళ్ళకు ఇంతకు మించి అక్కర్లేదు. తాళపత్రాల బొమ్మలను అక్షరం అక్షరం దగ్గరికి లాక్కుని చూసేలా పెట్టాలంటే ట్రిపుల్ ఐఎఫ్ అనే ప్రమాణాన్ని పలికే సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి, డీస్పేస్ కొత్త వెర్షన్లు పలుకుతాయి.

స్కాన్‌లు చేసే ఉత్సాహంలో వివరాలు రాయడం మీద శీతకన్ను వేస్తే ఏమవుతుందో మన కళ్ళ ముందే ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్స్ (పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దామన్న) ఆలోచన నుంచి వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకు వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఎంత గొప్ప పనో అంత గొప్పది. కానీ పుస్తకం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో కామాలూ చుక్కలతో, ఒక్కోటి ఒక్కో స్పెల్లింగులో ఎక్కాయి. పుస్తకం అక్కడే ఉంటుంది, వెతికితే దొరకదు. తర్వాత ఆ సైటు మూతపడి పుస్తకాల కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలితే, అవే పేర్లతో అక్కడా తేలాయి. తెలుగు వికీపీడియన్లు కొందరు ఓపిగ్గా కూర్చుని ఆ పుస్తకాలకు తెలుగులో జాబితాలు రాశారు. లేకపోతే సగం మనకు తెలిసేవే కావు.

రికార్డు ఏ రూపంలో రాయాలి: మార్క్, డబ్లిన్ కోర్, బిబ్‌ఫ్రేమ్

మార్క్ వయసు అరవై దాకా ఉంటుంది. హెన్రియెట్ అవ్రామ్ అనే ప్రోగ్రామర్ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1960లలో రూపొందించారు. అప్పటి టేపుల కోసం కట్టినది కాబట్టి ఇవాళ చూస్తే మొరటుగానే ఉంటుంది. 245 అంటే పుస్తకం పేరు, 100 అంటే రచయిత, 020 అంటే ఐఎస్‌బీఎన్. ఫైలు తెరిచి చూస్తే అంకెల గుంపు. కొత్తవాళ్ళకు తలనొప్పే. కానీ ప్రపంచంలో లైబ్రరీలన్నీ మాట్లాడే భాష ఇంకా అదే, మీ కాలేజీ నుంచి రికార్డు తీసుకుని ఇంకెక్కడైనా పెట్టాలంటే అదే కావాలి.

తెలుగువాళ్ళు మార్క్‌లో గమనించాల్సిన మతలబు ఒకటుంది. పాత మార్క్ ఫైలు రూపం, అంటే ఐఎస్ఓ 2709, ఒక రికార్డు పొడవును ఐదంకెల్లో రాస్తుంది. 99,999 బైట్లు దాటితే రాయడానికి చోటు లేదు. ఒక్కో ఫీల్డుకు నాలుగంకెలు, 9,999 బైట్లు. ఇంగ్లీషుకు ఇది సముద్రమంత. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. "కన్యాశుల్కం" కంటికి నాలుగు అక్షరాలు, కంప్యూటరుకు పదకొండు సంకేతాలు, ఫైల్లో 33 బైట్లు. పేర్లకు ఇబ్బంది రాదు. పుస్తక పరిచయమంతా తెలుగులో 520 ఫీల్డులో పోసేవాళ్ళకు, ఒకే పాఠ్యపుస్తకం కాపీలు వందలకొద్దీ ఉన్నవాళ్ళకు (ప్రతి కాపీ వివరమూ అదే రికార్డులో చేరుతుంది) వస్తుంది. ఎగుమతి మధ్యలో ఆగిపోతుంది, ఎందుకాగిందో చెప్పదు. అలాంటప్పుడు మార్క్ ఎక్స్ఎంఎల్ (అదే మార్క్, వేరే ఫైలు రూపంలో) ఎంచుకోండి, దానికి ఆ పరిమితి లేదు.

ఇంకో చిన్న గడి. రికార్డు మొదట్లో ఉండే లీడరులో, సున్నా నుంచి లెక్కపెడితే తొమ్మిదో స్థానంలో, ఇంగ్లీషు "ఏ" చిన్నక్షరం (a) ఉండాలి. ఉంటే యూనికోడ్ అని అర్థం. ఖాళీగా ఉంటే అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని పాత మార్క్-8 సంకేతాలుగా చదువుతుంది. మార్క్-8లో తెలుగు లిపి అసలు లేదు. తెలుగంతా పిచ్చిగీతలు అయిపోయిందని ఫోన్ చేసినవాళ్ళకు నేను మొదట చూడమనేది ఈ గడినే.

డబ్లిన్ కోర్ 1995లో మొదలైంది. ఐర్లండు రాజధాని పేరు అనుకుంటారు గానీ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ ఊరిది ఆ పేరు. పదిహేనే గడులు. ఎవరైనా గంటలో నేర్చుకుంటారు, స్కాన్‌ల సంగ్రహాలకు హాయిగా సరిపోతుంది. కాకపోతే రచయిత కాని వాళ్ళందరూ, అనువాదకుడు, సంపాదకుడు, పీఠిక రాసినాయన, బొమ్మలు వేసినాయన, అందరూ "కంట్రిబ్యూటర్" అనే ఒకే గంపలో పడతారు. మార్క్ నుంచి డబ్లిన్ కోర్‌కు దిగడం సులువు, తిరిగి ఎక్కడం కుదరదు. వివరం ఒకసారి పోతే పోయినట్టే. అందుకని పుస్తకాల లైబ్రరీ ఉన్నవాళ్ళు మార్క్‌లో రాసుకుని బయటికి మాత్రం డబ్లిన్ కోర్‌లో ఇవ్వండి. కోహా ఆ మార్పు తనంతట తనే చేసి ఇస్తుంది.

మార్క్ స్థానంలో రావాలని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మొదలుపెట్టినది బిబ్‌ఫ్రేమ్. లింక్డ్ డేటా పద్ధతి, అంటే వివరాలను ఒకదానికొకటి లంకె వేసి రాయడం. ఒక రచనను ఒక వస్తువుగా, దాని ముద్రణలను వేరే వస్తువులుగా, మీ అలమారాలోని ప్రతిని ఇంకో వస్తువుగా చూస్తుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. మన పుస్తకానికి వేసి చూడండి: గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది, 1909లో రెండో కూర్పు వచ్చింది. రెండో కూర్పును ఆయన ఎంతగానో పెంచి తిరగరాశారు. మరి ఇవి ఒకే రచనకు రెండు ముద్రణలా, రెండు వేర్వేరు రచనలా? ఇద్దరు తెలుగు మేష్టార్లను అడిగితే సాయంత్రం దాకా వాదించుకుంటారు. బిబ్‌ఫ్రేమ్‌లో ఆ నిర్ణయం మీరే తీసుకుని రాయాలి. చిన్న లైబ్రరీకి ఇప్పుడు ఆ శ్రమ దండగ.

లింక్డ్ డేటా రుచి చూడాలనుంటే ఒక్క పని చెయ్యండి. మీ రచయితలకు వికీడేటా (వికీపీడియాకు తోబుట్టువు లాంటి డేటా సైటు) నంబర్లు జత చెయ్యండి. శ్రీశ్రీ అని ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇంకోచోట, ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగుల్లో మరోచోట ఉంటే, నంబరు ఒక్కటే కాబట్టి ముగ్గురూ ఒకే మనిషని కంప్యూటరుకు తెలుస్తుంది. మార్క్‌లో 100 ఫీల్డుకు $1 అనే సబ్‌ఫీల్డు ఇందుకే ఉంది. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అని లైబ్రరీకో తీరుగా సాగే మన గొడవ కూడా దీనితో చాలావరకు సద్దుమణుగుతుంది.

పంచుకునే దారులు

రెండు రకాల అవసరాలున్నాయి. పక్కింటి రికార్డు ఒకటి కావాలి, అప్పటికప్పుడు. లేదా మన రికార్డులన్నీ ఒకరికి కావాలి, ఎప్పటికప్పుడు.

మొదటిదానికి జెడ్ 39.50. 1980లలో, వెబ్ పుట్టకముందే తయారైన ప్రమాణం. కోహాలో ఐఎస్‌బీఎన్ కొట్టగానే ఎక్కడో ఉన్న క్యాటలాగు నుంచి రికార్డు వచ్చి పడేది దీనితోనే. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకు వరం. తెలుగు పుస్తకాలకు మాత్రం ఆశలు పెట్టుకోకండి. పాతవాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు, చిన్న ప్రచురణల్లో కొత్తవాటికీ ఉండదు. అమెరికా లైబ్రరీల్లో తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి. 1962లో పీఎల్-480 పథకం (అమెరికా మనకమ్మిన ధాన్యం రూపాయలతో నడిచినది) కింద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు కొనడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వెళ్తున్నవే. కానీ వాటి రికార్డుల్లో పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, పైన గీతలు, కింద చుక్కలతో ఉంటాయి. తెలుగులో వెతికితే చాలావరకు దొరకవు. ఆ లిప్యంతరీకరణ పద్ధతి నియమబద్ధమైనది కాబట్టి తిరిగి తెలుగులోకి మార్చుకోవడం కష్టమేమీ కాదు, తర్వాత మనిషి ఒకసారి చూసి దిద్దాలి అంతే.

జెడ్ 39.50తో అసలు చిక్కు ఇంకోటి. అది మామూలుగా 210 అనే పోర్టు మీద నడుస్తుంది. కాలేజీ ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది, సిస్టమ్స్ వాళ్ళు "సెక్యూరిటీ సార్" అంటారు, పని ఆగుతుంది. దాని వారసుడు ఎస్ఆర్‌యూ మామూలు వెబ్ చిరునామా లాగే నడుస్తుంది, బ్రౌజరులో కొట్టినా జవాబు ఎక్స్ఎంఎల్‌లో వస్తుంది. అవతలివాళ్ళు రెండూ ఇస్తుంటే ఎస్ఆర్‌యూ తీసుకోండి.

రెండో అవసరానికి ఓఏఐ-పీఎంహెచ్. 2002 నాటి రెండో వెర్షనే ఇప్పటికీ నడుస్తోంది. ఇరవై ఏళ్ళు దాటినా మార్చాల్సిన అవసరం రాలేదంటే ఎంత సాదాగా కట్టారో చూడండి. మొత్తం ఆరే ప్రశ్నలు. నువ్వెవరు, ఏయే రూపాల్లో ఇస్తావు, ఏయే విభాగాలున్నాయి, రికార్డుల గుర్తులు ఇవ్వు, రికార్డులు ఇవ్వు, ఈ ఒక్క రికార్డు ఇవ్వు. "ఫలానా తేదీ తర్వాత మారినవే ఇవ్వు" అని అడగవచ్చు కాబట్టి రోజూ మొత్తం కోసుకెళ్ళక్కర్లేదు. రికార్డులు ఎక్కువుంటే కొన్ని ఇచ్చి చివర్లో ఒక టోకెన్ ఇస్తుంది, మిగతావి కావాలంటే ఆ చీటీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి. నేషనల్ డిజిటల్ లైబ్రరీ లాంటి పెద్ద సంగ్రహాలు వేర్వేరు సంస్థల వివరాలు ఒకచోట చేర్చేది ఇలాంటి కోతలతోనే. మీ కోహా, మీ డీస్పేస్ కలవాలన్నా దారి ఇదే.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. నెలకోసారి మొత్తం డేటాను ఒక ఫైలుగా తీసి వెబ్‌లో పెట్టెయ్యడం. సర్వరు అక్కర్లేదు, ప్రోటోకాల్ అక్కర్లేదు, పక్కనే లైసెన్సు ఒక్క ముక్క రాస్తే చాలు. సీసీ-జీరో పెట్టండి, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని. 2012లో హార్వర్డ్ లైబ్రరీ కోటీ ఇరవై లక్షల రికార్డులు అలాగే వదిలేసింది, అదే ఏడు యూరప్ లైబ్రరీల, మ్యూజియాల ఉమ్మడి సంగ్రహం యూరోపియానా కూడా తన వివరాలన్నింటికీ అదే లైసెన్సు పెట్టింది. మన దగ్గర మూడువేల రికార్డులకు కాపీరైట్ ముద్ర వేసుకుని కూర్చునేవాళ్ళున్నారు, ఎవరెత్తుకుపోతారనో!

ఏ దారిలో పంచుకున్నా సభ్యుల వివరాలు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారన్న చరిత్ర బయటికి పోకుండా చూసుకోండి. పూర్తి డేటాబేస్ బ్యాకప్‌నే "డేటా డంప్" అని పెట్టేస్తే ఫోన్ నంబర్లతో సహా పోతాయి.

తెలుగు వెతుకులాట

కోహా పెట్టాక తెలుగులో వెతికితే రావట్లేదని నిరాశపడేవాళ్ళు ఎక్కువ. కోహా లోపల వెతికిపెట్టేది జీబ్రా అనే ఇంజిన్. అది మొదట సీహెచ్ఆర్ అనే పద్ధతిలో ఉంటుంది, దానికి తెలుగు అక్షరాలు సరిగ్గా తెలియవు. సెట్టింగుల ఫైల్లో ఆ వరుస తీసి ఐసీయూ (యూనికోడ్ అక్షరాలు తెలిసిన పద్ధతి) వరుస పెట్టి, ఇండెక్సు మొత్తం మళ్ళీ కట్టించాలి. లేదా ఎలాస్టిక్‌సెర్చ్ అనే ఇంకో ఇంజిన్‌కు మారాలి, ర్యామ్ ఎక్కువ తింటుంది గానీ తెలుగుకు మెరుగు. ఈ ఒక్క మార్పు చెయ్యగలరా లేదా అన్నది కోహా పెట్టే కంపెనీకి నేను పెట్టే మొదటి పరీక్ష. మొహం చూస్తే తెలిసిపోతుంది.

అప్పుడు కూడా మన వైపు నుంచి కొన్ని మిగులుతాయి. గ్రంథాలయం అని కొందరు, గ్రంధాలయం అని కొందరు రాస్తారు. పాత పుస్తకాల్లో అరసున్నలు, బండి ఱ ఉంటాయి. ఇవి ఏ సాఫ్ట్‌వేరూ తీర్చదు. పేరు పుస్తకం మీద ఉన్నట్టే 245లో రాసి, జనం వెతికే రూపాన్ని 246లో ఇంకో పేరుగా ఇవ్వడమే దారి. ఐత్వం సంగతి ఇంకా విచిత్రం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో ముక్క చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. డేటా లోపలికి తీసుకునేటప్పుడు అన్నింటినీ ఎన్ఎఫ్‌సీ అనే ఏకరీతి రూపంలోకి మార్చుకుంటే ఈ బెడద తీరుతుంది.

డబ్బు కట్టే ముందు యాభై రికార్డులు

ఏది ఎంచుకున్నా సరే, సంతకం పెట్టేముందు అమ్మేవాళ్ళ చేత గానీ, పెట్టిపెట్టేవాళ్ళ చేత గానీ ఈ పని చేయించండి. మీ ఆక్సెషన్ రిజిస్టర్ నుంచి యాభై పుస్తకాలు ఏరండి. తెలుగువి ముప్పై, ఇంగ్లీషువి పది, ఉర్దూవో హిందీవో పది. అందులో ఒకటి ఇద్దరు అనువాదకులున్నది, ఒకటి మూడు సంపుటాలది, ఒకటి ముద్రణ సంవత్సరం లేనిది ఉండాలి. వాటిని ఎక్కించమనండి. తర్వాత మార్క్ ఎక్స్ఎంఎల్‌గా బయటికి తీసి మీకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమనండి. ఇంటికెళ్ళి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు తెలుగులాగే కనపడాలి. ఆ ఫైలును ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, యాభైకి యాభై వచ్చాయో లేదో, అనువాదకులిద్దరూ విడివిడిగా ఉన్నారో లేదో చూడండి.

ఆ యాభైలో ఒక పుస్తకం పేరులో "సాఫ్ట్‌వేర్" అన్న మాట ఉండేలా చూసుకోండి. ఆ ట్-వత్తుకూ "వే"కూ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, అవి కలిసిపోయి "ట్వే" కాకుండా ఆపేది అదే. ఇండెక్సు దాన్ని లెక్కలోంచి తీసెయ్యకపోతే, ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేసిన మాటలు సెర్చ్‌కు వేర్వేరు అవుతాయి. రెండు రకాలుగానూ కొట్టి చూడండి. ఒకదానికి పుస్తకం వచ్చి రెండోదానికి రాకపోతే, డబ్బు కట్టక ముందే ఆ సంగతి సరిచేయించుకోండి, కట్టాక ఫోన్ ఎత్తరు.